రుమాలు కింద చెయ్యి

గద్వాల స్టేషనులో దీపాల యేసయ్య గిటారు మీటితే, కృష్ణ వంతెన దాటి వస్తున్న రైలు పట్టాల మీదే నిలబడిపోయి, పాట విని గాని కదిలేది కాదు. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఆ రైల్లో కూర్చున్న పెళ్ళివారికి ముహూర్తం దాటిపోయింది, అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. ఇంజను డ్రైవరు పార పక్కన పడేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఈ తాలూకాలో అంతటి వాయిద్యం అంతకు ముందు లేదు, ఆ తర్వాత రాలేదు.

అట్లాంటి గిటారు ఈ వారం అమ్మకానికి వచ్చింది. ఎందుకు వచ్చిందో పోయిన వారం కథలో చూశాం గాని, చూడనివాళ్ళ కోసం మళ్ళీ రెండు ముక్కలు.

సిగ్నలు దీపాల గాజులు తుడవడం, కిరోసిను పోయడం, పొద్దుగూకే వేళ నిచ్చెనెక్కి వాటిని వెలిగించి రావడం యేసయ్య కొలువు. ఇంట్లో ఉన్న కందిలిని మొన్న సాయంత్రం అతనే వెలిగించి, ఒత్తి సరిచేద్దామని మండుతున్న దీపం మీది గాజును ఎడమ చేత్తో ఎత్తాడు. ఎత్తి, అట్లాగే పట్టుకుని, భార్య సుగుణమ్మతో పప్పుల ధర గురించి మాట్లాడుతూ నిలబడ్డాడు. ఏదో మాడుతున్న వాసన వస్తే సుగుణమ్మ పొయ్యి వైపు చూసింది. పొయ్యి మీద ఏమీ లేదు. మాడుతున్నది మొగుడి అరచెయ్యి.

ఆమె చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. అతను ఆ చేతిని ఎవరిదో పక్కింటివాడి చెయ్యి చూసినట్టు చూశాడు.

అప్పుడు గాని అసలు సంగతి బయటికి రాలేదు. పోయిన ఎండాకాలం నుంచి యేసయ్య వేళ్ళు మొద్దుబారుతున్నాయి. దానికి అతను చెప్పుకున్న కారణం ఒకటే: గిటారు తీగలు ఇనుపవి, వాటిని వత్తీ వత్తీ వేళ్ళ కొనలు కాయలు కాశాయి. గిటారు వాయించేవాడు ఆ ఊళ్ళో మరొకడుంటే కాదనేవాడు. లేడు గనక అదే నిలిచింది. సుగుణమ్మ కూడా నమ్మింది. నమ్మింది గనకే మర్నాడు పొద్దున తీర్పు చెప్పేసింది.

"ఆ గిటారు పెట్టె ఇంట్ల ఉన్నన్ని దినాలు నీ చేతులు బాగుగావు. ఎవరికన్న అమ్మి పారెయ్. తీగెలు ముట్టకుంటె చర్మం మల్ల మెత్తగయితది."

యేసయ్య సరే అన్నాడు. బాధగా అన్నాడా, కోపంగా అన్నాడా అంటే, ఏదీ కాదు. ఆ మధ్య అతనికి వేళ్ళే కాదు, లోపల కూడా ఎక్కడో అట్లాగే ఉంటోంది. మాట్లాడుతుంటే మాటలు వినిపిస్తాయి, ముట్టవు.

సరే, అమ్మాలి. ఎంతకు? అక్కడ చిక్కు వచ్చింది. గద్వాలలో చీర ధర చెప్పమంటే నేతగాళ్ళ ఇళ్ళలో ముసలమ్మ కూడా అంచు ముట్టుకుని చెప్తుంది. గిటారు ధర మాత్రం చెప్పేవాడు లేడు. అది ఊళ్ళోకి వచ్చిందే కొనుక్కొని కాదు. పింఛను తీసుకుని సొంత ఊరికి పోతూ గార్డు దొర ఒకాయన, తన వెంట నాలుగేళ్ళు తిరిగి నేర్చుకున్న యేసయ్యకు దాన్ని ఇచ్చిపోయాడు. వడ్రంగిని అడిగితే వేలితో కొట్టి చూసి, పల్చటి చెక్క, పొయ్యిలో వేస్తే కూడా ఎక్కువసేపు మండదన్నాడు. కంసాలిని అడిగితే తీగలు ఇత్తడివా ఇనుపవా అని చూసి, ఇనుపవి గనక తన పని కాదన్నాడు.

అప్పుడు సుగుణమ్మకు గుర్తొచ్చినవాడు నబీ సాబు.

ఆత్మకూరు నబీ సాబు ఎద్దుల దలాలి. సంత ఎక్కడుంటే అక్కడుంటాడు. భుజం మీద ఎర్రగళ్ళ రుమాలు, గోరింట పెట్టిన గడ్డం, ఎదుటివాణ్ణి ఆట పట్టించకుండా అన్నం అరగని నోరు. ఎద్దులే కాదు, బర్రెలు, బండ్లు, ఒకసారి చనిపోయిన పట్వారి గుర్రం కూడా అతని చేతి మీదుగానే అమ్ముడుపోయింది. అతని లెక్క వేరు.

"కొత్త సరుకైతె దుకాణపోడు చెప్తడు ధర," అంటాడు. "పాత సరుకు ధర చెప్పాలంటె, అది ఎంత పని చేసింది, ఇంకెంత చేస్తది, ఎందుకు అమ్ముతుండ్రు, ఈ మూడు తెల్వాలె. మూడోది ఎవడు నిజం చెప్పడు. దాన్ని నేను చూసుకుంట."

కొనేవాడు కూడా దొరికాడు. వనపర్తిలో నాటకాల జట్టు నడిపే బుచ్చన్న, సరుకు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి, రైలెక్కి మధ్యాహ్నానికల్లా దిగాడు. లావుపాటి మనిషి, మామూలు మాట కూడా వెనక వరసలో కూర్చున్నవాడికి వినబడేటట్టు మాట్లాడతాడు.

స్టేషను వెనక రైల్వే క్వార్టర్ల ముందు, వేపచెట్టు నీడలో చాప పరిచారు. చాప మీద గిటారు. దాని పక్కన చెక్క పెట్టె, కాగితంలో చుట్టిన రెండు పాత తీగలు, శ్రుతి చూసుకునే చిన్న పీక, భుజానికి తగిలించుకునే తోలు పట్టీ. రెండు బండ్ల మధ్య తీరిక గనక, పట్టాలు మార్చే పాయింట్లవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు వచ్చి చుట్టూ చేరారు. యేసయ్య చాపకు ఒక కొసన కూర్చున్నాడు. ఎడమ చేతికి గుడ్డ కట్టు. కుడి చెయ్యి ఒళ్ళో.

నబీ సాబు గిటారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, దాని పొట్ట మీద వేళ్ళతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. వెనక్కి తిప్పి వీపు నిమిరాడు. మెడ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. తర్వాత తీగలు బిగించే మరలు ఒక్కొక్కటే లాగి చూడటం మొదలుపెట్టాడు.

"ఏం చూస్తున్నవ్ సాబూ, పండ్లా?" అన్నాడు బుచ్చన్న.

"పండ్లే. ఆరు ఉన్నయి. ఆరు పండ్ల ఎద్దంటె మంచి వయసు. ఇంక పదేండ్లు కాడి మోస్తది."

"ఆరు పండ్లున్నయి గని తీగెలు నాలుగే ఉన్నయి."

"కాళ్ళు నాలుగుంటె సాలవా? నీకు ఎన్ని కాళ్ళున్నయి చెప్పు. రెండే. నడుస్తలేవా?"

చుట్టూ నవ్వులు. బుచ్చన్న కూడా నవ్వాడు, కాని తగ్గలేదు. గిటారు పక్కన గీతలా పగులు చూపించాడు. లక్కతో పూడ్చింది కనిపిస్తూనే ఉంది.

"గిది పగిలిన పక్క. పైగ యుద్ధం నడుస్తుంది. లేని రెండు తీగెలు యాడ తేవాలె నేను? జర్మనీకి పోవాల్నా?"

"కాయితంల రెండు పెట్టిండు గద."

"తుప్పు పట్టినయి."

"నీ గొంతు తుప్పు పట్టలేదా? నాటకం ఆడుతలేవా?"

యేసయ్య ఇదంతా చూస్తున్నాడు. ఆ పగులు ఎట్లా పడిందో అతనికి గుర్తుంది. దొర తన ఊరికి పోయిన ఏడాది వానాకాలం, నిచ్చెన మీద నుంచి దిగుతూ తనే తగిలించాడు. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. లక్క కరిగించి, ఊపిరి బిగబట్టి, దారం సందున పోసినట్టు పోశాడు. ఇప్పుడు బుచ్చన్న దాని మీద గోరుతో గీరుతుంటే ఏమైనా అనిపించాలి. అనిపించడం కోసం కాసేపు ఆగి చూశాడు. ఏమీ రాలేదు.

"ఇంతకు నీకెందుకు గిది?" నబీ సాబు అడిగాడు. "నీ జట్టుల హార్మోనియం ఉన్నది గద."

"మా నారదుడు తాగి తంబూర మీద కూసున్నడు సాబూ. అది రెండు తునకలయింది. నారదుడి చేతిల ఏదో ఒకటి ఉండాలె గద. మెడ పొడుగుంది, పొట్ట ఉంది. నాలుగు పూలు చుట్టిస్త."

"మీటుడు?"

"మీటుడెవనికి గావాలె. తెర ఎనుక హార్మోనియం వాయిస్తరు. మావోడు వట్టిగ పట్టుకొని తిరుగుతడు."

నబీ సాబు ఒకసారి యేసయ్య మొహం వైపు చూశాడు. అమ్మేవాడు అక్కడ ఒక మాటంటాడని, అనాలని. యేసయ్య చేతి కట్టు సరిచేసుకుంటున్నాడు. ఇక దలాలి తన దగ్గరున్న గొప్ప సరుకు బయటికి తీశాడు.

"వట్టిగ పట్టుకొని తిరిగేటిది కాదు బుచ్చన్న ఇది. దీనికి రైలు ఆగింది. తెల్సా? వంతెన దాటి వచ్చిన బండి, ఇంజను గింజను సహా, ఈ గిటారు పాట విని నిలబడ్డది. అడుగు, గద్వాల మొత్తం చెప్తది."

బుచ్చన్న కళ్ళు పెద్దవయ్యాయి. నాటకాలవాడు గదా, అట్లాంటి మాట తన టముకులో వేసుకోవడానికి ఎంత బాగుంటుందో అప్పుడే లెక్క కడుతున్నాడు.

"నిజమా యేసయ్యా?"

"ఆగింది నిజమే," అన్నాడు యేసయ్య. "పాటకు ఆగలే. ఆ నాడు సిగ్నలు దీపం ఎలగలే. దీపం కనబడకుంటె బండి ఆపాలని వాళ్ళకు హుకుం. దీపం ఎలిగియ్యాల్సింది నేను."

వేపచెట్టు కింద నవ్వు విరగబడింది. మొదట్లో నేను కోసిన గొప్ప అంతటితో కూలిపోయింది. కూలితే కూలింది, మళ్ళీ కట్టుకోవచ్చు. ఒప్పుకోవలసింది ఇంకా ఉంది. అందులో పెళ్ళివారు కూడా లేరు. అది పల్లికాయ బస్తాల గూడ్సు. డ్రైవరు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న మాటా లేదు. దిగి వచ్చి స్టేషను మాస్టరు ఎదుట యేసయ్యను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంకోసారి ఇట్లా అయితే కొలువు ఉండదని మాస్టరు చెప్పింది కూడా ఆ రోజే.

నబీ సాబు నెత్తి కొట్టుకున్నాడు.

"అరె, అమ్మెటోడివా నువ్వు, కొనెటోడివా? నేను ఎద్దును నిలబెడుతుంటె నువ్వు కుంటిదని చెప్పవడ్తివి. ఇంక మాటలు చాలు. చెయ్యి తే."

భుజం మీది ఎర్రగళ్ళ రుమాలు తీసి దులిపాడు.

ఆ మాట కోసమే యేసయ్య పొద్దున నుంచి భయపడుతున్నాడు.

మా దిక్కు సంతలు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎద్దు ధర నలుగురిలో పైకి అనరు. దలాలి ముందు అమ్మేవాడి కుడి చెయ్యి పట్టుకుని, దాని మీద రుమాలు కప్పుతాడు. రుమాలు కింద ఒక వేలు పట్టి నొక్కితే పది రూపాయలు, రెండు వేళ్ళయితే ఇరవై, అట్లా. నోటితో అనేది "సరేనా" ఒక్కటే. అమ్మేవాడు సరే అనాలి, లేదా చెయ్యి లాక్కోవాలి. తర్వాత కొనేవాడి చెయ్యి; ధర నచ్చకపోతే అతను తన లెక్క వేళ్ళతోనే తిరిగి నొక్కుతాడు. చేతుల వైపు చూడటం మర్యాద కాదు. చూసేవాడు దొంగ లెక్క. కళ్ళు ఆకాశం మీదనో, ఎద్దు మూపురం మీదనో పెట్టుకోవాలి. బేరమంతా ముట్టుకోవడంలోనే ఉంది.

యేసయ్య కుడి చెయ్యి చాచాడు. రుమాలు కప్పుకుంది. అతను వేపకొమ్మల్లోకి చూస్తూ కూర్చున్నాడు.

రుమాలు కింద ఏదో కదిలింది. దట్టమైన బొంత కప్పుకుని పడుకుంటే, దాని మీద పిల్లి నడిచినట్టు. ఎక్కడ నడిచిందో తెలియదు. చిటికెన వేలు మీదనా, మధ్య వేలు మీదనా. ఎంత మనసు పెట్టి వెతికినా వేళ్ళు ఉన్న చోట వేళ్ళు దొరకలేదు. అరచేతిలో మాత్రం నబీ సాబు బొటనవేలు గట్టిగా ఆనినట్టు లీలగా తెలిసింది.

"సరేనా?"

తెలియదనడం ఎట్లా? ఎందుకు తెలియదంటే ఏం చెప్పాలి?

"సరే," అన్నాడు యేసయ్య.

నబీ సాబు కనుబొమలు ఒకసారి దగ్గరికొచ్చాయి. మళ్ళీ ఏదో కదిలింది.

"సరేనా?"

"సరే."

"జర సోంచాయించి చెప్పు. సరేనా?"

"సరే సాబ్."

"వీనికి అమ్ముడెంత తొందరో," అన్నాడు వెనక నుంచి ఒక పాయింట్లవాడు. "పెండ్లాం గడువు పెట్టినట్టుంది."

అందరూ నవ్వారు. నబీ సాబు నవ్వలేదు. నోరు ఊరుకోని మనిషి, నోరు మూసుకుని మళ్ళీ ఒకసారి కళ్ళతోనే అడిగాడు. ఈసారి యేసయ్యకు ఆ లీలగా తెలిసిందీ తెలియలేదు.

"సరే," అన్నాడు మళ్ళీ.

నబీ సాబు రుమాలు తీసేశాడు. కొద్దిసేపు దాన్ని చేతిలో ఉండ చుట్టుకుని ఊరికే నిలబడ్డాడు. తర్వాత బుచ్చన్న చెయ్యి పట్టుకుని, దాని మీద రుమాలు కప్పి, పండ్లు బిగబట్టి నొక్కాడు. బుచ్చన్న "అమ్మో" అన్నాడు. చెయ్యి లాక్కోబోయాడు. దలాలి వదల్లేదు.

"ఎక్కువయింది సాబూ."

"కాలే."

"నారదుడికి అంత పెట్టుబడా?"

"దేవతల మధ్య తిరిగెటోడు. సరేనా?"

బుచ్చన్న ఏడుపు మొహం పెట్టి, కాసేపు నటించి, ఆఖరికి సరే అన్నాడు. నడుముకు కట్టుకున్న సంచి విప్పుతూ, "మన హాలి రూపాయలేనా, ఇంగ్లీషోళ్ళ కల్దారా?" అని అడిగాడు.

"గద్వాల్ల నిలబడి కల్దార్ మాటేంది? కల్దార్ ఇయ్యాలంటె కర్నూలు పో."

ధర ఖరారైంది. నలభై. నలుగురికీ తెలిసింది. అంత వస్తుందని ఎవరూ అనుకోలేదు. తలుపు సందు నుంచి చూస్తున్న సుగుణమ్మ అసలే అనుకోలేదు. బుచ్చన్న గిటారును పెట్టెలో పెట్టి, పీకా, కాగితం పొట్లం అందులో దోపాడు. తోలు పట్టీ కూడా తీసుకోబోతే నబీ సాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పలుపు అమ్మినోనికే. ఎద్దును తోల్కపో, తాడు ఇడిచిపో. కొనెటోడు తన తాడు తెచ్చుకోవాలె. అది మా సంత రివాజు."

"ఇది ఎద్దా సాబూ?"

"పొద్దుగాల నుంచి ఏమనుకున్నవ్ మరి."

పట్టీని తీసి యేసయ్య ఒళ్ళో వేశాడు. దొర మెడ మీద నల్లబడ్డ తోలు, దాని మీద యేసయ్య చెమట మరకలు.

బుచ్చన్న పెట్టెను చంకలో ఇరికించుకుని లేచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, పెట్టె లోపల నుంచి తీగ ఒకటి దానంతట అదే మోగింది. సన్నగా, ఎవరో వెనక్కి పిలిచినట్టు. యేసయ్య తలెత్తాడు. అతని ఎడమ కంటి నుంచి ఒక బొట్టు జారి, గడ్డం దాకా వచ్చి, ఒళ్ళోని తోలు పట్టీ మీద పడింది.

బండి గంట కొట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు పనుల మీద పోయారు. బుచ్చన్న ప్లాట్‌ఫారం వైపు పోయాడు. వేపచెట్టు కింద ఇద్దరే మిగిలారు.

సుగుణమ్మ గడప దాటి వచ్చి, కొంగు ముడి విప్పి, నబీ సాబుకు దలాలి ముట్టజెప్పబోయింది. అతను తీసుకోలేదు.

"వద్దు బిడ్డా."

"అదేంది సాబ్. మీ కష్టం గద."

"ఈ ఒక్కటి వద్దు. ఛాయ్ పొయ్యి, తాగి పోత."

దలాలి తీసుకోని దలాలిని ఆమె తన పుట్టుకలో చూడలేదు. ఒకసారి అతన్నీ, ఒకసారి మొగుణ్ణీ చూసి, లోపలికి పోయింది. పొయ్యి ఊదుతున్న చప్పుడు వినపడేదాకా నబీ సాబు మాట్లాడలేదు. తర్వాత చాప మీద యేసయ్య ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"రుమాలు కింద నేనెన్ని వేళ్ళు పట్టిన?"

"నాలుగు," అన్నాడు యేసయ్య. ధర నలభై అయింది గదా.

"ఎన్నోసారి?"

యేసయ్య తోలు పట్టీని మడత పెట్టాడు.

"మొదలు నాలుగు పట్టిన. సరే అన్నవ్. ఎవ్వరు గింత జల్ది సరే అనరు గద, వీన్ని జర ఆడిస్తమని రెండు పట్టిన. సరే అన్నవ్. ఒకటి పట్టి, గోరు గుచ్చిన. సరే సాబ్ అన్నవ్." నబీ సాబు గొంతు ఇంకా తగ్గించాడు. "ఆఖరుకు ఏం పట్టలే యేసయ్యా. చెయ్యి ఇడిచిపెట్టిన. వట్టి రుమాలు పట్టుకొని నీ దిక్కు చూసిన. దానికి సరే అన్నవ్."

యేసయ్య తన కుడి చెయ్యి వైపు చూశాడు. చూపుడు వేలు పక్కన గోరు గుచ్చిన చోట నెత్తురు చిన్న పూసలా నిలిచి ఉంది.

"తీగెలు వత్తి కాయలు కాసినయి," అన్నాడు. ఎన్నిసార్లో చెప్పిన మాట, నోటికి దారి తెలిసిన మాట.

"తీగెలు వత్తేది ఏ చెయ్యి?"

"ఎడమది."

"నేను పట్టింది?"

దూరంగా బండి కూత వేసింది. యేసయ్య ఆ మాట తనను తాను ఎన్నడూ అడగలేదా అంటే, అడిగాడు. అడిగినప్పుడల్లా గిటారు తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. అది ఉన్నన్నాళ్ళు ఒక కారణం ఉంది. ఇప్పుడది బుచ్చన్న చంకలో వనపర్తి పోతోంది.

"ఆ నాడు దీపం ఎందుకు ఎలిగియ్యలె? మర్చిపోయినవా?"

"మర్చిపోలే," అన్నాడు యేసయ్య. "నిచ్చెన ఎక్కిన. అగ్గిపెట్టె తెరిచిన. అగ్గిపుల్ల చేతికి దొరకలే. ఒకటి తీస్తె పడ్డది. ఇంకోటి తీస్తె పడ్డది. పెట్టె మొత్తం కింద పారబోసిన. గాలి అనుకున్న."

"గాలి ఉండెనా?"

"లేకుండె."

"మోచేతి కాడ మచ్చ ఉన్నదా?"

"సున్నం పడ్డట్టు ఉన్నది. దురద లేదు, ఏం లేదు."

నబీ సాబు తల ఊపాడు. ఇక్కడి ఊళ్ళలో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు. పెద్దరోగం అంటారు, అది కూడా అటూ ఇటూ చూసి అంటారు. వచ్చిందని తెలిస్తే ఊరి బయట గుడిసె వేస్తారు, బావి దగ్గరికి రానివ్వరు. ఇక కొలువంటారా, స్టేషను మాస్టరు చెవిన పడితే కొలువూ పోతుంది, కొలువుతో పాటు క్వార్టరూ పోతుంది.

"మా అన్న కూడ దలాలే," అన్నాడు నబీ సాబు. "సంతల ఒకనాడు ధర తప్పు చెప్పిండు. కొనెటోడు రెండు వేళ్ళు పడితె మూడన్నడు. దొంగ అని పట్టి కొట్టిండ్రు. నేను కూడ దొంగనే అనుకున్న. తెలిసెటాలకు వేళ్ళు వంకర పోయినయి. కృష్ణ అవతల పాకల ఉండి పానం ఇడిచిండు." గడ్డం సవరించుకున్నాడు. "నిజామాబాదు దిక్కు దవాఖాన ఒకటి ఉన్నదట. సూదులేస్తరు. జల్ది పోయినోళ్ళకు ఆగిందని విన్న. నీయి ఇంక వంకర పోలే. రేపటి బండికి పోదాం. నేను తోల్కపోత."

"సుగుణకు ఏం చెప్పాలె?"

"ఎద్దుల బేరం ఉన్నదని చెప్పు."

"నమ్మదు."

"నమ్మకుంటె నిజం చెప్పు."

"నిజం చెప్తె..." అన్నాడు యేసయ్య. చెప్తే ఆమె ఏడుస్తుంది, పుట్టింటికి పోతుంది, పోకుండా పక్కనే కూర్చుంటుంది. మూడింటిలో ఏది ఎక్కువ భయమో తనకే తెలియడం లేదు. భయం కూడా బొంత మీది పిల్లిలాగే ఉంది.

సుగుణమ్మ రెండు ఇత్తడి గ్లాసులతో వచ్చింది. అంచులు కొంగుతో పట్టుకుని, వంగి చాప మీద పెట్టింది. ఛాయ్ పొగలు కక్కుతోంది. యేసయ్య కుడి చెయ్యి చాచి, ఊరికే, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నట్టు గ్లాసు చుట్టూ వేళ్ళు వేశాడు.

నబీ సాబు చప్పున ముందుకు వంగి, అతని వేళ్ళు తప్పించి, భుజం మీది రుమాలు గ్లాసు చుట్టూ చుట్టాడు. చుట్టి, మళ్ళీ అతని చేతిలో పెట్టాడు. అలవాటైన మనిషి చేసినట్టు చేశాడు. చేశాక గాని సుగుణమ్మ అక్కడే నిలబడి ఉందని చూసుకోలేదు.

ఆమె కొంగు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంది. రుమాలును చూసింది. గ్లాసు పట్టుకున్న చెయ్యిని చూసింది. ఎడమ చేతి కట్టు చూసి, మళ్ళీ కుడి చేతి దగ్గరికి వచ్చింది.

"అది కాలలేదా నీకు?"

"కాలింది," అన్నాడు యేసయ్య.

"కాలితె చెయ్యి ఎందుకు తియ్యలే?"

"తీద్దమనుకుంటుంటె సాబ్..."

"బిడ్డా, జర కూసో," అన్నాడు నబీ సాబు.

అతను అన్నాడని కాదు గాని, ఆమె కూర్చుంది. గ్లాసు తీసి పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ రోజూ రాత్రి ఆమె ఎడమ చేతి వేళ్ళకే నూనె రాసింది. కుడి చెయ్యి ఎందుకు చూడలేదో ఆమెకు ఇప్పుడు అర్థం కావడం లేదు. దాన్ని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. చూపుడు వేలు మీది నెత్తురు చుక్కను కొంగుతో తుడిచింది.

"పెట్టె పోయింది గద," అంది. "ఇంక బాగైతది గద."

ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ ఆగని నబీ సాబు నోరు కూడా. అదే ఆమెకు సగం చెప్పింది.

ఆమె కుడి చేత్తో కొంగు లాగి, పట్టుకున్న చేతుల మీద కప్పింది. ఆమెకు సంతల సంగతి తెలియదు. రుమాలు రివాజు ఎవరూ నేర్పలేదు.

"కండ్లు మూసుకో," అంది.

"సుగుణా."

"మూసుకో. మూసుకొని చెప్పు. నేను ఎన్ని వేళ్ళు పట్టిన?"

యేసయ్య కళ్ళు మూసుకున్నాడు.

ఈ వారానికి ఇక్కడ ఆపుతున్నాను. ఆపే ముందు ఒక సంగతి. పెట్టెలో తీగ దానంతట అది మోగలేదు. యేసయ్య కంట్లో నుంచి బొట్టు పడలేదు. ఆ రెండూ నేను కల్పించినవే. గిటారు పోతుంటే ఎవరూ ఏడవకపోతే మీరు బాధపడతారేమోనని ఒక చుక్క నా తరఫున వేశాను. అతను పొడి కళ్ళతో, తోలు పట్టీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, అంతే. మిగతాదాంట్లో నా చెయ్యి లేదు. కొంగు కింద సుగుణమ్మ ఎన్ని వేళ్ళు పట్టిందో నాకు తెలుసు. యేసయ్యకు తెలియదు.